ఈ పొలంలో ఏముంది?

విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్ర శాఖ నోటీసు బోర్డు ఎప్పుడైనా చూశారా? ఫలానా తేదీన సెమినార్, ఫలానా ప్రొఫెసర్ ఉపన్యాసం, క్షేత్ర పర్యటనకు వచ్చేవాళ్లు పేర్లివ్వాల్సిన ఆఖరు తేదీ... ఇంతే. దాని ముందు నిలబడి చదివేవాళ్లూ తక్కువే. ‘రాజధానులూ, నదులూ బట్టీపట్టే చదువేగా!’ అని బయటివాళ్లకు చిన్నచూపు. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చిన పిల్లాడు జాగ్రఫీ చదువుతానంటే ఇంట్లోవాళ్లు వాడి మొహంలోకి ఒకటికి రెండుసార్లు చూస్తారు.

అయితే ఆ బోర్డు మీదున్న మూడో కాగితాన్ని మరీ తేలిగ్గా తీసేయకండి. ఒకప్పుడు అలాంటి క్షేత్ర పర్యటనే దేశమంతా పాకింది. యుద్ధమొచ్చి తిండికి కటకటలాడే రోజుల్లో ఆ దేశానికి అక్కరకొచ్చింది. తొంభై ఏళ్లు దాటినా ఇంకా అక్కరకొస్తూనే ఉంది.

రంగు పెన్సిళ్లు పట్టుకుని...

ఇది బ్రిటన్ సంగతి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డడ్లీ స్టాంప్ అని భూగోళశాస్త్ర అధ్యాపకుడు ఉండేవాడు. మొదట చదివింది భూగర్భశాస్త్రం. బర్మాలో చమురు వెతికే పనికి వెళ్లి, 1923 నుంచి 1926 దాకా రంగూన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, స్వదేశం చేరాడు. మన దగ్గర జాగ్రఫీలో ఎమ్మే చేసిన పాతతరం వాళ్లకు ఆసియా ఖండం మీద ఆయన రాసిన లావుపాటి పుస్తకం గుర్తుండే ఉంటుంది.

1930లో ఆయన్నొక ప్రశ్న పట్టుకుంది. ‘మన దేశంలో ఏ పొలంలో ఏముంది?’ వినడానికి చిన్న ప్రశ్నే. జవాబు చెప్పగలిగినవాళ్లు మాత్రం లేరు. ఏ జిల్లాలో గోధుమ ఎన్ని ఎకరాలు, పచ్చిక ఎన్ని ఎకరాలు అని ప్రభుత్వం దగ్గర లెక్కలున్నాయి. అవి ఎక్కడున్నాయో చెప్పే కాగితం లేదు. సర్వే పటాలున్నాయి. వాటిలో ప్రతి గట్టూ గీసి ఉంది. గట్టుకు లోపల ఏముందో లేదు.

ఆ ఖాళీ పూరించాలంటే ప్రతి పొలం దగ్గరికీ ఎవరో ఒకరు నడిచి వెళ్లాలి. ఇది సర్కారు నడిపిన పథకం కాదు. అంతమంది మనుషులెక్కడి నుంచి వస్తారు? స్టాంప్ బడుల వైపు చూశాడు. అప్పటికే నార్తాంప్టన్‌షైర్ అనే జిల్లాలో బడిపిల్లలతో ఇలాంటి పని చేయించి చూశారు. చక్కగా కుదిరింది. అదే పద్ధతిలో ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండ్ అంతా చేసేద్దామన్నాడాయన!

పద్ధతి చాలా సులువు. మైలును ఆరంగుళాలుగా చూపే పెద్ద సర్వే పటం ఒకటి బడికి ఇస్తారు. టీచరు వెంట పిల్లలు ఊళ్లోకి వెళ్లి, ప్రతి పొలం మీదా ఒక్క అక్షరం రాయాలి. అడవైతే ‘ఎఫ్’. పచ్చిక బయలైతే ‘ఎమ్’. దుక్కి నేలైతే ‘ఎ’. పొదలు పెరిగిన బీడైతే ‘హెచ్’. పెరడూ తోటా అయితే ‘జి’. సాగుకు పనికిరాని జాగా అయితే ‘డబ్ల్యు’. అంతే! అంతకు మించి చదువు అక్కర్లేదు. కళ్లుండాలి, కాళ్లుండాలి. బడులు అందని చోట్ల కాలేజీ విద్యార్థులూ, ఉత్సాహం ఉన్న పెద్దలూ ఆ పని చేశారు.

పాల్గొన్న పిల్లలు రెండున్నర లక్షల మంది దాకా ఉంటారని అంచనా. నింపిన పటాలు 20 వేలకు పైనే. చాలా భాగం 1931 - 34 మధ్య పూర్తయింది. అవన్నీ లండన్ చేరితే సరిచూసి, రంగులేసి, మైలుకు ఒక అంగుళం కొలతలో అచ్చేశారు. అడవి ముదురాకుపచ్చ, పచ్చిక లేతాకుపచ్చ, దుక్కి నేల గోధుమరంగు, బీడు పసుపుపచ్చ, తోటలు ఊదా, కట్టడాలు ఎరుపు. మొదటి పటాలు 1933లో బయటికొచ్చాయి.

అక్కరకొచ్చిన రోజు

ఇంత శ్రమా ఎందుకని అడిగినవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు. జవాబు 1939లో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. బ్రిటన్ తినే తిండిలో సగానికి పైగా ఓడల మీద రావాల్సిందే. ఆ ఓడల్ని జర్మన్ జలాంతర్గాములు ముంచేస్తున్నాయి. ఉన్న నేలలోనే పంట పెంచాలి. ఏ పచ్చికబయళ్లను దున్నొచ్చు? ఎక్కడ దున్నినా దండగ? పిల్లలు నింపిన పటాలు సిద్ధంగా ఉన్నాయి! 1942లో స్టాంప్‌ను వ్యవసాయ శాఖకు గ్రామీణ భూవినియోగంపై ముఖ్య సలహాదారుగా పెట్టుకున్నారు. యుద్ధం తర్వాత ఊళ్లూ పట్నాలూ ఎలా పెరగాలో నిర్ణయిస్తూ 1947లో చట్టం తెచ్చారు. దాని వెనక జరిగిన చర్చల్లోనూ ఆ సర్వే పాత్ర ఉంది.

ఇంకో ముచ్చట. లండన్ వెళ్లే తెలుగువాళ్లలో ఎక్కువమంది దిగేది హీత్రూలోనే కదా. సర్వే జరిగేనాటికి హీత్రూ ఒక చిన్న పల్లె. మంచి సారమున్న నేల. చుట్టూ కూరగాయల మళ్లూ, పళ్లతోటలూ. 1944లో విమానాశ్రయం కోసం ఆ భూములు తీసుకున్నారు. పల్లె మాయమైంది. ఇప్పుడు రన్‌వే కింద ఉన్నదేమిటో తెలుసుకోవాలంటే 1930ల నాటి ఆ పటం తెరవాల్సిందే.

ఆ పటాల్ని ఇప్పటికీ తెరుస్తున్నారు కూడా. పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం భూగోళశాస్త్ర శాఖ వాళ్లు వాటిని స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఆ పనికి అక్కడి పర్యావరణ సంస్థ సాయం చేసింది. డోర్సెట్ అనే జిల్లాలో పరిశోధకులు నాటి పటాన్నీ నేటి పటాన్నీ పక్కపక్కన పెట్టి, డెబ్భై ఏళ్లలో సహజమైన గడ్డిభూములు ఎంతగా హరించుకుపోయాయో లెక్క తీశారు. పదేళ్ల పిల్లలు పెన్సిల్‌తో రాసిన అక్షరాలు, వాళ్ల మనవల కాలానికి సాక్ష్యమయ్యాయన్నమాట!

అన్నీ ఇంత సాఫీగా సాగుతాయని కాదు. 1960లలో లండన్‌లోనే కింగ్స్ కాలేజీలో ఆలిస్ కోల్‌మన్ అనే భూగోళశాస్త్రజ్ఞురాలు మళ్లీ వాలంటీర్లతో రెండో సర్వే చేయించారు. మరింత వివరంగా చేశారు. కానీ అచ్చువేసే డబ్బు సమకూరక, పటాల్లో కొద్దిభాగమే జనం చేతికొచ్చాయి. నడవడానికి పిల్లలు దొరికారు, అచ్చుకు పైకం దొరకలేదు.

మరి మన దగ్గర?

ఈ విద్య మన దేశానికీ వచ్చింది. మహమ్మద్ షఫీ అనే అలీగఢ్ ఆచార్యుడు స్టాంప్ దగ్గరే పరిశోధన చేసి, తూర్పు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో భూమి వాడకం మీద 1960లో పుస్తకం ప్రచురించారు. ఉస్మానియాలో షా మంజూర్ ఆలం హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాలు ఎలా పెరిగాయో అధ్యయనం చేసి 1965లో పుస్తకం తెచ్చారు. నగరం గురించి మాట్లాడేవాళ్లకు అది ఇవాళ్టికీ పాత ఫొటో ఆల్బమ్ లాంటిది.

‘మనకు అడంగల్ ఉందిగా, పహాణీ ఉందిగా!’ అనొచ్చు మీరు. నిజమే. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో రాసే అలవాటు మన ఊళ్లలో చాలా పాతది. కానీ అది శిస్తు కోసం పుట్టిన పుస్తకం. చావిడిలో కూర్చుని, కిందటేడు రాసిందే మళ్లీ ఎక్కించిన కరణాల కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఉపగ్రహాలున్నాయిగా అంటారా? బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దేశం మొత్తానికీ భూవినియోగ పటాలు చేస్తోంది. చాలా గొప్ప పని. అయితే పైనుంచి చూస్తే బీడుగా కనిపించే చెక్క, వానల్లేక వదిలేసిన చేనా, రాళ్లు పాతి ప్లాట్లుగా అమ్మేసిన చేనా? ఆ సంగతి గట్టు మీద నిలబడ్డవాడికి తెలిసినంతగా ఆకాశానికి తెలియదు.

అసలు కిటుకు ఇంకొకటుంది. మన దగ్గర పొలం చూడ్డానికి వచ్చే ప్రతి మనిషికీ ఏదో ఒక పని ఉంటుంది. సర్వేయరుకు హద్దు కావాలి. బ్రోకరుకు కమీషన్ కావాలి. బ్యాంకువాళ్లకు విలువ కావాలి. వారసులకు వాటా కావాలి. అందుకే భూమి గురించి ఒకరు రాసిన కాగితాన్ని మరొకరు నమ్మరు. జాగ్రఫీ విద్యార్థికి వీటిలో ఏదీ అక్కర్లేదు. ‘ఇది ఎవరిది?’ అని వాడు అడగడు. ‘ఇందులో ఏముంది?’ అని మాత్రమే అడుగుతాడు. చెరువుంటే చెరువని రాస్తాడు, ప్లాట్లుంటే ప్లాట్లని రాస్తాడు. తేదీ వేస్తాడు. అలాంటి సాక్షి మనకు ఎంత అవసరమో, చెరువు శిఖం ఎక్కడిదాకా అని కోర్టుల చుట్టూ తిరుగుతున్న అపార్ట్‌మెంట్ల వాళ్లనడగండి.

ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర... మన విశ్వవిద్యాలయాల్లోనూ భూగోళశాస్త్ర శాఖలున్నాయి. ఏటా క్షేత్ర పర్యటనలుంటాయి. ఆ పర్యటనని చూసొచ్చే యాత్రగా కాకుండా రాసొచ్చే పనిగా మారిస్తే? ఏడాదికి ఒక్క మండలం తీసుకున్నా చాలు. అక్కడి హైస్కూలు పిల్లల్ని తోడు తీసుకుంటే, పదేళ్లకు పది మండలాల పటాలు ఆ శాఖ బీరువాలో ఉంటాయి. ఈ రోజుల్లో దానికి రంగు పెన్సిళ్లు కూడా అక్కర్లేదు, చేతిలో ఫోనుంది.

మీ ఊళ్లో బడి పక్కన పొలం ఉంటే, ఈ ఆదివారం పిల్లల్ని తీసుకుని అటు వెళ్లండి. ఒక కాగితం మీద ఆ చుట్టుపక్కల పది చెక్కలు గీయించండి. దేనిలో ఏముందో రాయించి, కింద తేదీ వేయించండి. కాగితం పారేయకండి. ఏదో ఒకనాడు ఎవరో ఒకరు దాన్ని అడుగుతారు.