పిన్ను పట్టినంత మాత్రాన సరిపోదు



అడాప్టరు పిన్ను రంధ్రంలో చక్కగా దిగింది కాబట్టి అది ఆ పరికరానికి తగినదేనని నమ్మవచ్చునా? నమ్మకూడదు. ఈ నమ్మకం వల్ల మన ఇళ్ళలో ఎన్నో మంచి వస్తువులు పాడవుతున్నాయి. బాగుపడగలిగిన వాటిని కూడా విప్పి చూడకుండానే పారవేస్తున్నాం. ఇది ఇంకా విచారించవలసిన సంగతి.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఎలక్ట్రిక్ గిటారుకు, ఆంప్లిఫయరుకు నడుమ కాలితో నొక్కే చిన్న లోహపు పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని ఎఫెక్ట్స్ పెడల్ అంటారు. తీగ కంపనం నుండి పుట్టిన విద్యుత్ సంకేతాన్ని అది మారుస్తుంది. అప్పుడు స్వరం గరగరలాడుతుంది, లేదా ప్రతిధ్వనిస్తుంది. 1962లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన మేస్ట్రో ఫజ్-టోన్ పెడల్ 3 వోల్టులతో పనిచేసేది. నేటి పెడళ్ళలో చాలా వాటికి 9 వోల్టుల ఏకముఖ విద్యుత్తు కావాలి.

చిక్కు ఇక్కడే ఉన్నది. గుండ్రని పిన్ను గల మామూలు అడాప్టర్లలో ఎక్కువగా లోపలి భాగం ధనం, వెలుపలి గొట్టం ఋణం. పెడళ్ళలో సాధారణంగా ఇది తలకిందులు. ఎందుకంటే పెడల్‌లో బ్యాటరీకి కూడా చోటుంటుంది. అడాప్టరు పెట్టగానే బ్యాటరీ సంబంధం తెగిపోవాలి. ఆ పని చేసే రేకు, పిన్ను వెలుపలి గొట్టం తగిలే చోట ఉంటుంది. బ్యాటరీ ఋణధ్రువాన్ని గిటారు తీగ గుచ్చే సాకెట్టు కలుపుతుంది. కనుక ధనధ్రువాన్ని ఈ రేకు దగ్గర తెంచవలసి వచ్చింది. కారణం సబబే. కాని పిన్ను కొలత మాత్రం మార్చలేదు. అందువల్ల ఇంట్లోని సెట్‌టాప్ బాక్సు 12 వోల్టుల అడాప్టరు కూడా అందులో దిగిపోతుంది!

అప్పుడేమవుతుంది? చాలా పెడళ్ళలో ద్వారం దగ్గరే ఒక డయోడ్ కావలి కాస్తుంది. ధ్రువాలు సరిగా ఉన్నంతసేపూ దానిగుండా విద్యుత్తు ప్రవహించదు. ధ్రువాలు మారితే అది వెంటనే దారి ఇస్తుంది. ప్రవాహమంతా దానిగుండానే పోతుంది, మిగతా భాగాల మీద ఒక వోల్టుకు మించి పడదు. అడాప్టరు బలమైనదైతే డయోడ్ వేడెక్కి చెడిపోతుంది. రెండు కొసలూ కలిసిపోయి చెడితే మిగతా సర్క్యూటు చాలాసార్లు క్షేమంగానే ఉంటుంది. తెగిపోతే మాత్రం తిరగబడిన విద్యుత్తు లోపలికి వెళ్ళి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లనూ, ఐ.సి.లనూ దెబ్బతీస్తుంది.

వోల్టు, ఆంపియరు మాటల్లో తికమక పడకండి. మా ధరూర్ మండలంలో రేవులపల్లి దగ్గర కృష్ణానది మీద జూరాల ప్రాజెక్టు ఉన్నది. జలాశయంలో నీటి ఎత్తు వోల్టు వంటిది. కాలువలోకి పోయే నీరు ఆంపియరు వంటిది. తూము ఎంత తెరిస్తే అంతే నీరు పోతుంది. అలాగే అడాప్టరు మీది ఆంపియర్లు పరికరానికి కావలసినదానికన్నా ఎక్కువున్నా నష్టం లేదు, తక్కువ ఉండకూడదు. వోల్టులు మాత్రం సరిపోవాలి, ధ్రువాలు కలవాలి, ఏకముఖమా ఏకాంతరమా అన్నది చూడాలి. ఈ వివరాలు సాధారణంగా అడాప్టరు మీద అచ్చువేసే ఉంటాయి. చదివేవారే తక్కువ!

ఇక మరమ్మతు. అడాప్టరు, బ్యాటరీ తీసివేసి అడుగు మూత మరలు విప్పండి. మల్టీమీటరును డయోడ్ పరీక్షకు తిప్పి డయోడ్ కొసలకు తాకించండి. మంచి డయోడ్ ఒకవైపు సుమారు 0.6 వోల్టు చూపుతుంది, తిప్పి పెడితే ఏమీ చూపదు. రెండువైపులా సున్న వస్తే ఒక కాలు ఊడదీసి మళ్ళీ పరీక్షించండి. అప్పటికీ సున్నే వస్తే దోషి దొరికినట్లే. దాని స్థానంలో 1ఎన్4001 డయోడ్‌ను, గీత ఉన్న కొస ధనం వైపు ఉండేట్లు టంకం వేయాలి. దాని ఖరీదు కొద్ది రూపాయలే. ఉబ్బిన కెపాసిటర్ ఉంటే అంతే మైక్రోఫారడ్లది, వోల్టేజి తగ్గనిది వేయాలి. తరువాత కొత్త బ్యాటరీతో పరీక్షించాలి. అప్పటికీ పలకకపోతే ఐ.సి. వంతు వస్తుంది.

“పిల్లలచేత కరెంటు వస్తువులు విప్పిస్తారా?” అని పెద్దలు అడుగవచ్చు. సరైన ప్రశ్నే. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే పెట్టె వేరు, గోడలోని 230 వోల్టులు వేరు. అడాప్టరునుగాని, టీవీనిగాని మీరు ఎన్నడూ విప్పరాదు. టంకం పని ఉపాధ్యాయుని ఎదుటనే చేయాలి. ఈ హద్దు నేర్పకుండా “ముట్టుకోవద్దు” అని ఊరుకొంటే భయం మిగులుతుంది, జ్ఞానం మిగలదు.

మన గద్వాల ప్రాంతంలో పత్తి విత్తనాల చేలలో క్రాసింగు పనికి పోయి కూలి కూడబెట్టే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంట్లో అన్న కొన్న వస్తువు తమ్ముని చేతిలో ఆగిపోతే దెబ్బలు తమ్మునికి, వస్తువు చెత్తకు. కొద్ది రూపాయల డయోడ్ కోసం ఎన్ని రోజుల కూలి పోయిందో లెక్క వేయండి. 2022లో ప్రపంచంలో పోగయిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. సక్రమంగా సేకరించి తిరిగి వినియోగానికి పంపినట్లు నమోదైనది అందులో నాలుగో వంతు కూడా లేదు.

తయారీదారులకూ బాధ్యత ఉన్నది. ధ్రువాల గుర్తు పెద్దదిగా అచ్చువేయాలి, తిరగబడినా తట్టుకొనే ఏర్పాటు లోపల ఉంచాలి. ఒకే రకం పిన్ను ఉండాలన్న వాదం ఇప్పుడు చట్టమవుతున్నది. యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరు 28 నుండి కొత్త ఫోన్లకు యు.ఎస్.బి.-సి తప్పనిసరి చేసింది. మన ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ ప్రారంభించింది. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, చేతులకు పని రావాలి. ప్రతి ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో ఒక మల్టీమీటరు, ఒక టంకపు కడ్డీ, వారానికి ఒక మరమ్మతు పీరియడు ఉండాలని నా అభిప్రాయం. ఓమ్ సూత్రం నల్లబల్ల మీద కన్నా ఆ బల్ల దగ్గర బాగా అర్థమవుతుంది.

అంతవరకు మీరు చేయగలిగిన పని ఒకటున్నది. ఈ ఆదివారం ఇంట్లో ఉన్న అడాప్టర్లన్నీ ఒకచోట చేర్చండి. ఒక్కొక్కదాని మీది అక్షరాలు చదివి, అది ఏ వస్తువుదో, ఎన్ని వోల్టులో, లోపల ఏ ధ్రువమో చీటీ మీద రాసి తీగకు కట్టండి. ఎవరిదో తెలియనిది మిగిలితే దాన్ని దేనికీ పెట్టకండి. మీ సైన్సు మాస్టారికి చూపించండి.