ఇంటర్వ్యూకి ఎవరు తయారవాలి?

పోయిన నెల మా సంస్థ ఆఫీసులో, ఇంటర్వ్యూలకి వెళ్ళబోయే ఆడపిల్లలకి రెండు రోజుల శిక్షణ పెట్టాం. పదకొండు మంది వచ్చారు. డిగ్రీ అయినవాళ్ళు, బి.ఇడి. చేసినవాళ్ళు, నర్సింగు పూర్తిచేసిన ఇద్దరు, ఇద్దరు పిల్లలు పుట్టాక ఉద్యోగం వెతుక్కుంటున్న ఒకామె. మొదటిరోజు పొద్దున్నే "నీ గురించి చెప్పమ్మా" అని అడిగాను. పదిహేనేళ్ళుగా ఇదే ప్రశ్నతో మొదలుపెడుతున్నాను. పదిహేనేళ్ళుగా జవాబూ ఒకటే. పేరు చెప్పగానే నాన్న పేరు, నాన్న చేసే పని, అన్నయ్య ఉద్యోగం, "అమ్మ ఇంట్లోనే ఉంటుంది". తన దగ్గరికొచ్చేసరికి గొంతు సన్నబడిపోతుంది. పెళ్ళయినామె నాన్నకి బదులు భర్తతో మొదలుపెట్టింది. అంతే తేడా.

"డిగ్రీ తర్వాత ఈ ఏడేళ్ళూ ఏం చేశావు?" అని ఆమెని అడిగితే "ఏం లేదక్కా, ఖాళీగానే ఉన్నాను" అంది. రెండోరోజు కాగితం ఇచ్చి, ఏ సంవత్సరం ఏం చేసిందో వరసగా రాయమన్నాం. అత్తగారికి పక్షవాతం వస్తే రెండేళ్ళు మంచం పక్కనే ఉండి చూసుకుంది. వీధిలో పిల్లలకి ట్యూషన్లు చెప్పింది. పొదుపు సంఘంలో పదిమంది సభ్యుల పుస్తకాలు రాసింది, నెలనెలా తీర్మానాలు రాసింది, బ్యాంకు అప్పు వాయిదాలన్నీ కట్టించింది. ఒకసారి బ్యాంకువాళ్ళు వడ్డీ తప్పు వేస్తే మేనేజరుతో వాదించి సరిచేయించింది. పేజీన్నర వచ్చింది. ఆమె వెళ్ళబోయేది లెక్కలు రాసే గుమాస్తా ఉద్యోగానికి! ఆ కాగితాన్ని ఆమె చేతే గట్టిగా చదివించాం. సగంలో ఆగి "ఇవన్నీ చెప్పొచ్చా అక్కా?" అని అడిగింది.

ఇదీ నాకు తెలిసిన ఆత్మవిశ్వాసం. మిగతావన్నీ, అంటే వీపు నిటారుగా పెట్టడం, కళ్ళలోకి చూసి మాట్లాడటం, చున్నీ సర్దుకోకుండా కూర్చోవడం, నేనూ నేర్పుతాను. పనికొస్తాయి కూడా. కానీ ఇరవై రెండేళ్ళు "తల వంచుకుని నడు" అని పెంచిన పిల్లని రెండు రోజుల్లో "తల ఎత్తు" అంటే ఎంత ఎత్తుతుంది? ఎత్తలేకపోతే, ఉద్యోగం రాకపోతే, లోపం ఆ పిల్లదే అని తేల్చేస్తాం. ఈ తేల్చడం మీదే నా పేచీ.

నా సంగతి చెప్తాను. 1988లో బి.కాం., టైపు హయ్యరు పాసై ఒక ప్రైవేటు కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్ళాను. ముగ్గురు కూర్చున్నారు. టైపు స్పీడెంత అని ఒక్కరూ అడగలేదు. ఇంటిపేరు అడిగారు, మా ఊళ్ళో మా ఇల్లు ఎటువైపు అని అడిగారు. (ఆ ప్రశ్న ఎందుకో మన రాష్ట్రాల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. దళిత యువతులకి ఇంటర్వ్యూ అక్కడే అయిపోతుంది.) తర్వాత పెళ్ళెప్పుడు, సంబంధాలు చూస్తున్నారా, కాబోయే ఆయన ఉద్యోగం వద్దంటే ఏం చేస్తావు. "ఆయన వద్దనరండీ" అన్నాను. లేని మొగుడి తరఫున హామీ ఇచ్చి వచ్చాను! ఉద్యోగం రాలేదు. నాకు మాట్లాడటం రాదు, అందుకే రాలేదు అని చాలా ఏళ్ళు నమ్మాను.

సి.బి. ముత్తమ్మ కేసు చదివాక గానీ ఆ నమ్మకం వదల్లేదు. 1949లో ఇండియన్ ఫారిన్ సర్వీసులో చేరిన మొదటి స్త్రీ ఆవిడ. తనకి రావాల్సిన ప్రమోషన్ ఆపితే సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పులో ఆవిడ పిటిషన్‌లోని మాటలు ఉన్నాయి. ఫారిన్ సర్వీసు వద్దని సర్వీస్ కమిషన్ చైర్మనే నచ్చజెప్పబోయాడట. మౌఖిక పరీక్షలో తక్కువ మార్కులు పడేలా తన పలుకుబడి వాడానని తర్వాత ఆయనే ఆవిడతో చెప్పాడట. పెళ్ళి చేసుకుంటే రాజీనామా చేస్తానని చేరేటప్పుడే హామీ రాయించుకున్నారు. కేసు నడుస్తుండగా ప్రమోషన్ ఇచ్చేశారు కాబట్టి పిటిషన్ కొట్టేశారు గానీ, స్త్రీల పట్ల వివక్ష చూపే నిబంధనలన్నీ సరిచేయాలని కోర్టు ప్రభుత్వానికి గట్టిగానే చెప్పింది. ముత్తమ్మకి ఆత్మవిశ్వాసం తక్కువైందని ఎవరైనా అనగలరా? తయారుకానిది గదిలో బల్లకి అవతలివైపు కూర్చున్నవాళ్ళు.

నీరా మాథుర్ కేసు ఇంకొకటి. జీవిత బీమా సంస్థ రాతపరీక్షా, ఇంటర్వ్యూ రెండూ దాటింది. అప్పుడు ఒక ఫారం నింపమన్నారు. నెలసరి క్రమంగా వస్తోందా, ఆఖరిసారి ఎప్పుడొచ్చింది, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, గర్భస్రావాలేమైనా అయ్యాయా. ఉద్యోగంలో చేరి ప్రసూతి సెలవు పెట్టాక, ఫారంలో తప్పు తేదీ రాశావని తీసేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెని తిరిగి తీసుకోమంది, ఆ గడులు ఫారంలోంచి తొలగించమంది. గుమాస్తా పనికీ నెలసరి తేదీకీ ఏమిటి సంబంధం అని ఒక స్త్రీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి అడగాల్సి వచ్చింది.

చట్టం లేక కాదు. నియామకాల్లో స్త్రీ అని వివక్ష చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టం అయిదో సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది. ఈ సంగతి శిక్షణలో చెప్తుంటే నర్సింగు చదివిన అమ్మాయి లేచింది. "అక్కా, అది మీరు అడగకూడదండీ అని నేనంటే నాకు ఉద్యోగం ఇస్తారా?" ఇవ్వకపోవచ్చు అన్నాను. ఇంకేం చెప్పను? సెక్షన్లు చదివే మనకి నెల తిరిగేసరికి జీతం వస్తుంది, ఆ పిల్లకి చదువు అప్పు ఉంది.

ఇదివరకు ఈ చిక్కుకి నా దగ్గర సులువైన మందు ఉండేది. "ఇప్పట్లో పెళ్ళి ఆలోచన లేదండీ అని నవ్వుతూ చెప్పెయ్" అనేదాన్ని. 2014లో మా దగ్గర శిక్షణ తీసుకున్న ఒకమ్మాయి అలాగే చెప్పి ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరింది. ఆరు నెలలకే పెళ్ళి కుదిరింది. చెప్పిన మాట తప్పానని తీసేస్తారేమో అని భయపడి మెట్టెలు తీసి బ్యాగులో వేసుకుని, మంగళసూత్రం లోపలికి దాచుకుని స్కూలుకి వెళ్ళేది. గర్భం వచ్చాక అయిదో నెల దాకా దాచింది. మూడో అంతస్తు క్లాసుకి రోజూ మెట్లెక్కింది, కళ్ళు తిరిగితే పస్తున్నానని చెప్పింది. తెలిశాక ఆమె చేతే రాజీనామా రాయించుకున్నారు. గర్భంతో ఉండగా తీసేసినా ప్రసూతి ప్రయోజనం పోదని 1961 చట్టంలో ఉందని ఆమెకి నేను చెప్పలేదు. పెళ్ళి మాట దాచమని మాత్రం చెప్పాను. బిడ్డ పుట్టాక వచ్చి, "మీరు చెప్పినట్టే చేశానక్కా" అంది. నిందించలేదు. నిందిస్తే బాగుండేది.

అప్పట్నుంచీ ఆ సలహా ఇవ్వడం మానేశాను. 2017లో ప్రసూతి సెలవు ఇరవై ఆరు వారాలకి పెరిగాక ఈ ప్రశ్నలు తగ్గుతాయనుకోవడం అమాయకత్వం. ఆ జీతం మొత్తం యజమానే భరించాలని పెట్టారు కాబట్టి పెళ్ళీడు పిల్లని చూస్తే వాళ్ళకి సెలవే కనబడుతుంది. ఇప్పుడు మేం సాధన చేయించేది ఒకటే, ప్రశ్నని పని వైపు తిప్పడం. పెళ్ళెప్పుడని అడిగితే, "రాత్రి డ్యూటీల గురించా సార్? చేస్తాను. వారానికి ఎన్ని ఉంటాయో చెప్పండి" అనడం. ఒకళ్ళు అడుగుతారు, ఒకళ్ళు జవాబు చెప్తారు, పదిసార్లు, నోటికి అలవాటయ్యేదాకా. జీతం ఎంత కావాలంటే "మీ ఇష్టం సార్" అనకుండా ఒక అంకె చెప్పడం కూడా. అన్నిటికంటే కష్టంగా వచ్చేది ఇదే. అంకె చెప్పడానికి సిగ్గుపడనిది పదకొండు మందిలో ఒక్కతి.

ఇంకొక మాట కూడా చెప్పి పంపుతున్నాం. సాయంత్రం పూట లాడ్జి గదిలో ఇంటర్వ్యూ అంటే ఒంటరిగా వెళ్ళొద్దు, తోడు తీసుకెళ్ళడం చేతకానితనం కాదు. 2013 లైంగిక వేధింపుల చట్టం ఉద్యోగంలో ఉన్న స్త్రీకే కాదు, పని స్థలంలో వేధింపుకి గురైన ఏ స్త్రీకైనా, ఉద్యోగంలో ఉన్నా లేకపోయినా వర్తిస్తుంది. ఇంటర్వ్యూకి వెళ్ళినామె కూడా ఫిర్యాదు చేయొచ్చని మన కార్యకర్తల్లోనే చాలామందికి తెలియదు.

ఇక మన ఇంటి సంగతి. మూడేళ్ళ క్రితం మా సంస్థలోనే మండల కోఆర్డినేటరు పోస్టుకి ఇంటర్వ్యూలు చేశాం. బల్లకి అవతల నేనే ఉన్నాను. ఒకామె చక్కగా మాట్లాడింది, ఉపాధి హామీ పనుల మీద మంచి పట్టు ఉంది. చివర్లో నేను, ఈ నోటితోనే, "పిల్లలు చిన్నవాళ్ళు కదమ్మా, రాత్రి మీటింగులుంటే ఎవరు చూస్తారు?" అన్నాను. ఎంతో ప్రేమగా అన్నాననుకున్నాను. ఆమె ముఖం మారింది. ఆమె వెళ్ళాక మా ఆఫీసులో అందరికంటే చిన్నపిల్ల అడిగింది, "ఇందాక వచ్చినాయనకీ ఇద్దరు పిల్లలే కదక్కా, ఆయన్ని అడగలేదేం?" జవాబు చెప్పలేక కాగితాలు సర్దుకున్నాను.

స్వచ్ఛంద సంస్థల్లో ఇది ఇంకా మెత్తగా జరుగుతుంది. "సేవాభావం ఉందా?" అని మొదలుపెట్టి, తక్కువ జీతానికి ఒప్పించి పంపిస్తాం. మగవాళ్ళని కూడా అడుగుతామా ఆ ప్రశ్న? అడిగినా అదే గొంతుతో అడగం. అందుకని మా దగ్గర ఇప్పుడు ప్రశ్నలు ముందే రాసుకుంటున్నాం, అందరికీ అవే. జీతమెంత, నెలకి ఎన్ని రాత్రి మీటింగులు, వెళ్ళి రావడానికి బండా బస్సా అన్నది ప్రకటనలోనే పెడుతున్నాం. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళకి బస్సు చార్జీ ఇస్తున్నాం. పసిపిల్లల్ని చూసుకునే ఏర్పాటు మాత్రం ఇంకా చేయలేకపోయాం. డబ్బు లేదంటున్నాం, కొత్త ప్రింటరు మాత్రం కొన్నాం.

మొన్న గురువారం నర్సింగు అమ్మాయి ఫోన్ చేసింది. పెళ్ళి గురించి రెండుసార్లు అడిగారట, రెండుసార్లూ డ్యూటీ వైపు తిప్పిందట. మూడోసారి అడగలేదు. జీతం అంకె చెప్పానక్కా, గొంతు వణికింది గానీ చెప్పాను అంది. ఇంకా కబురు రాలేదు. వచ్చే శిక్షణకి ఊళ్ళో నియామకాలు చేసే వాళ్ళని కూడా పిలుస్తూ ఆరు ఉత్తరాలు రాశాం. ఒక్కరు వస్తామన్నారు.