సంతకం వేరు, సలహా వేరు

ముంబయిలో ఫోరస్ రోడ్డును ఆనుకుని, నంబర్ల పేర్లతో వరుస గల్లీలుగా పరుచుకున్న కామాఠిపురాను పడగొట్టి కొత్తగా కట్టాలన్న మహారాష్ట్ర ప్రభుత్వ పథకం సుమారు 34 ఎకరాల నేలకూ, ఎనిమిది వేల అద్దెదారులకూ, దాదాపు ఎనిమిది వందల మంది స్థల యజమానులకూ సంబంధించినది. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ అయిన మ్హాడా 2025లో నిర్మాణ సంస్థ ఎంపిక కోసం టెండరు పిలవడంతో, ఏళ్ల తరబడి మాటల్లోనే నలిగిన ఈ పథకం పనిలోకి దిగింది. ఇంతటి మార్పుకు ముందు అక్కడి జనాన్ని అడిగారా అన్న ప్రశ్నకు సమ్మతి పత్రాల కట్టలే జవాబుగా నిలిచే ప్రమాదం ఇప్పుడు కనిపిస్తోంది. సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవడం ఒక కుటుంబం తన గది విషయంలో చేసుకునే ఒప్పందం కాగా, వీధులు ఎటు సాగాలి, అంగళ్లు ఎక్కడ ఉండాలి, బడి ఎవరికి దగ్గర కావాలి అని అడగడం ప్రజాభిప్రాయ సేకరణ. మొదటిది జరిగింది కాబట్టి రెండవది కూడా జరిగినట్టేనని లెక్క రాసుకుంటే కామాఠిపురాకు తీరని అన్యాయం జరుగుతుంది.

ఆ పేటకు ఆ పేరు తెలుగు కూలీల వల్ల వచ్చింది. పద్దెనిమిదో శతాబ్ది చివర హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట సముద్రపు పోటును ఆపి పల్లపు భూములను ఆరబెట్టిన తరువాత, నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుంచి వచ్చి రోడ్లూ భవనాలూ కట్టిన శ్రామికులను నగరం కామాఠీలని పిలిచింది. ఫోరస్ అన్న మాట కూడా నేలకు సంబంధించినదే: ఉప్పునీటి మడుగులను సాగులోకి తెచ్చేవారికి తక్కువ పన్ను మీద ఇచ్చిన భూముల హక్కుకు పోర్చుగీసు కాలపు మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఆ భూముల మీద ఎవరికి ఎంత హక్కు అన్నది తేల్చడానికి 1851లో ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది. రోడ్డు పేరు ఇప్పుడు ఆర్.ఎస్. నిమ్కర్ మార్గ్‌గా మారినా, నేల ఎవరిది, నేల మీద మాట ఎవరిది అన్న పాత ప్రశ్న అలాగే ఉంది. ఆ తెలుగువారు రాళ్లెత్తడంతోనే ఆగిపోలేదు. వారిలో కాంట్రాక్టర్లుగా ఎదిగిన జాయా కరాడీ లింగు, వెంకు బాలు కాలేవార్ వంటివారు జ్యోతిరావు ఫూలే సత్యశోధక ఉద్యమానికి అండగా నిలిచారు. నగరాన్ని కట్టినవారికి నగరం ఎలా ఉండాలో చెప్పే శక్తి లేదనడానికి చరిత్రలో ఆధారం లేదు.

అడగకుండా కట్టే అలవాటుకు కూడా అక్కడ చరిత్ర ఉంది. 1896 ప్లేగు తరువాత 1898లో ఏర్పడిన బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు తన తొలి పథకాల్లో ఒకదాన్ని పక్కనే ఉన్న నాగ్‌పాడాలో అమలు చేసింది. గాలీ వెలుతురూ లేవని ఇళ్లను కూల్చడమే గాని, ఆ ఇళ్లలోని వారు ఎక్కడికి పోతారన్నది ఆనాటి ఇంజనీర్లకు రెండో విషయం. స్వాతంత్ర్యం తరువాత 1966లో వచ్చిన మహారాష్ట్ర ప్రాంతీయ, పట్టణ ప్రణాళికా చట్టం ఈ తీరును మార్చింది. అభివృద్ధి ప్రణాళిక, అంటే ఏ నేలను దేనికి వాడాలో చూపించే పటమూ దానితోపాటు నడిచే నిబంధనలూ, ముసాయిదాగా ప్రకటించి జనం నుంచి అభ్యంతరాలూ సూచనలూ స్వీకరించాలని, వాటిని ఒక కమిటీ విచారించాలని ఆ చట్టం నిర్దేశించింది.

ఆ హక్కు ఎంత బలమైనదో ముంబయి స్వయంగా చూసింది. 2034 వరకు వర్తించేలా 2015 ఫిబ్రవరిలో వెలువడిన ముసాయిదా ప్రణాళికలో తప్పులు గుట్టలుగా బయటపడి నిరసనలు చెలరేగడంతో, ముఖ్యమంత్రి ఆ ఏప్రిల్‌లోనే దాన్ని పక్కన పెట్టించారు. సరిదిద్దిన ముసాయిదా 2016 మేలో వచ్చినప్పుడు 84 వేలకు పైగా అభ్యంతరాలూ సూచనలూ అందాయి, చివరికి 2018లో ప్రభుత్వం దానికి ఆమోదం తెలిపింది. అయితే నగరమంతటి పటం మీద అంత చర్చ జరిగినా, కామాఠిపురా గల్లీల భవిష్యత్తు ఆ పటంలో లేదు. అది నిబంధన 33(9)లో ఉంది. సమూహ పునరభివృద్ధి అని పిలిచే ఈ నిబంధన, చిన్న చిన్న పాత భవనాలను ఒక్కొక్కటిగా కాక గుంపుగా కలిపి కట్టుకోవడానికి ఎఫ్ఎస్ఐని 4 వరకు, లెక్క కుదిరితే అంతకు మించి కూడా అనుమతిస్తుంది. ఎఫ్ఎస్ఐ అంటే స్థలం విస్తీర్ణానికి దాని మీద కట్టే అంతస్తులన్నింటి విస్తీర్ణానికీ ఉండే నిష్పత్తి. నగరం మొత్తానికి ఒక నియమం ఖరారైనప్పుడు అభిప్రాయం చెప్పిన పౌరుడికి, ఆ నియమం తన గల్లీ మీద వాలినప్పుడు ఎలాంటి టవర్లు లేస్తాయో ఊహించే అవకాశం లేదు. అందుకే అసలు ప్రశ్న వేయవలసిన చోటు ఇప్పటి దశే.

ఈ దశలో అద్దెదారు చేతికి వచ్చేది ఒక్కటే మాట: 500 చదరపు అడుగుల ఇల్లు ఉచితం. దాని విలువను తక్కువ చేయడం తగదు. కామాఠిపురాలో చాల్ అనే పాత వరుస గదుల భవనంలో ఒక ఖోలీ, అంటే గది, సాధారణంగా నూరు, నూటయాభై చదరపు అడుగులు. అందులోనే ఒక మూల మోరీ, అక్కడే అంట్లు, అక్కడే స్నానం. నెత్తిమీద చెక్కలతో వేసిన పోటమాళా మీద పిల్లల చదువూ పెద్దల నిద్రా. మరుగుదొడ్డి బయట వరండా చివర అందరికీ కలిపి. 1947 నాటి అద్దె నియంత్రణ చట్టం అద్దెలను కదలకుండా నిలిపింది, అద్దె రాని యజమాని మరమ్మతు మానేశాడు, గది చేతులు మారినప్పుడల్లా పగిడీ అనే పెద్ద మొత్తం ఇచ్చి కిరాయి హక్కు కొనుక్కోవడం ఆచారమైంది. కూలే భవనాలను నిలబెట్టడానికి 1969లో చట్టం చేసి, 1969 సెప్టెంబరు 30కి ముందు కట్టిన భవనాల మీద సెస్ అనే మరమ్మతు పన్ను వేసి ఒక బోర్డును పెట్టారు. అయినా టేకు వాసాల కింద ఇనుప గడ్డర్లు ఆనించి నెట్టుకొస్తున్న చాల్‌లు ఆ చట్టం పరిమితిని రోజూ చూపిస్తూనే ఉన్నాయి. ఇలాంటి ఖోలీలో మూడు తరాలు గడిపిన కుటుంబం సంతకం చేయడానికి తొందరపడటం సహజం.

అదే 1969లో అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే రచయిత్రి పౌర భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించారు. కింది మెట్ల మీద జనాన్ని నచ్చజెప్పి పంపడం, మధ్య మెట్ల మీద సమాచారం ఇచ్చి మాట వినడం, పై మెట్ల మీద నిర్ణయంలో వాటా ఇవ్వడం ఉంటాయి. ఆ కొలతతో చూస్తే, వసతి పరిమాణమూ స్థల యజమానుల వాటా లెక్కా ప్రభుత్వ నిర్ణయాలుగా ముందే వెలువడిన చోట సమ్మతి పత్రం కింది మెట్ల దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే అందులో అవుననో కాదనో రాయవచ్చు గాని ఇలా ఉండాలని రాయడానికి చోటు లేదు.

రాయడానికి మాత్రం చాలా ఉంది. కామాఠిపురాలో ఇల్లు గోడల దగ్గర ఆగదు. ఒకప్పుడు తెలుగు ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టింది వరండాల్లోనే. నేటికీ సంచులు కుట్టే మిషన్లూ గాలాలనే చిన్న చిన్న పనిశాలలూ గల్లీ వైపు తెరుచుకునే నేల అంతస్తు మీదే బతుకుతున్నాయి. నలభైయో అంతస్తులో 500 అడుగులు వచ్చినా, సరుకు దించుకునే గల్లీ పోతే ఆ కుటుంబానికి ఆదాయం పోతుంది. ఇంకా గట్టి ప్రశ్న ఇళ్లు నిలుపుకోవడానికి అయ్యే ఖర్చు: లిఫ్టులు, నీటి పంపులు, కాపలా, వీటి నెలవారీ భారాన్ని నామమాత్రపు అద్దెకు అలవాటుపడిన కుటుంబం ఎలా మోస్తుందన్నది సంతకానికి ముందు తేలవలసిన విషయం.

అన్నింటికంటే బరువైన ప్రశ్న అసలు సంతకమే అడగనివారిది. అర్హుల జాబితాలో పేరు ఎక్కాలంటే అద్దె పావతి ఉండాలి. ఉప అద్దెకు ఉన్నవారు, కార్ఖానా నేల మీదే పడుకునే జరీ పనివారు, దశాబ్దాలుగా అక్కడే ఉంటూ తమ పేరున ఒక్క కాగితమూ లేని సెక్స్ వర్కర్లు ఈ లెక్కకు వెలుపలే ఉండిపోతారు. సెక్స్ వర్కర్లకు గౌరవంగా జీవించే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 మేలో స్పష్టం చేసింది. ఆ గౌరవంలో తలదాచుకునే చోటు గురించి మాట చెప్పే అవకాశమూ ఒక భాగం. అభిప్రాయ సేకరణకు అర్హత నివాసం కావాలి, పావతి కాకూడదు. ఇంటి హక్కు ఎవరికి దక్కుతుందన్నది వేరే తేల్చుకోవచ్చు గాని, ప్రభావం పడేవారందరి మాటా వినకుండా ప్రభావాన్ని అంచనా వేయడం సాధ్యం కాదు.

ఇంత విచారణకు కాలం పడుతుందని, ఈలోగా భవనాలు కూలితే బాధ్యత ఎవరిదని అడిగేవారి వాదన తోసిపుచ్చదగినది కాదు. సమీపంలోని భెండీ బజారులో సైఫీ బుర్హానీ ట్రస్టు పదహారున్నర ఎకరాల్లో పునర్నిర్మాణం చేపట్టి చాలా కుటుంబాలను తరలించినా, 2017 ఆగస్టు 31న హుసైనీ భవనం కూలి 33 మంది చనిపోయారు. ప్రమాదకర భవనాల తరలింపు ఒక్క రోజు కూడా ఆగకూడదు. అయితే తరలింపు అత్యవసరమైనంత మాత్రాన ప్రణాళిక రచన కూడా అత్యవసరంగా మూసిన గదిలో జరగాలని లేదు. ఖాళీ చేసినవారికి తిరిగి వచ్చే తేదీ, అంతవరకు అద్దె రాతపూర్వకంగా ఇచ్చి, పటం మీద మాట్లాడే సమయం విడిగా ఇవ్వవచ్చు. తాత్కాలిక వసతి అని ట్రాన్సిట్ క్యాంపులకు వెళ్లి అక్కడే ముసలివారైపోయిన కుటుంబాలను చూసిన నగరంలో ఆ రాత లేకుండా నమ్మకం రాదు.

వినకపోతే ఏమవుతుందో తెలంగాణ చూసింది. కామారెడ్డి, జగిత్యాల పట్టణాల ముసాయిదా మాస్టర్ ప్లాన్ల మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఇచ్చారు గాని, తమ పొలం ఏ రంగులో ఉందో ఆ పటంలో పోల్చుకునే సరికి రైతులకు రోడ్డెక్కడమే మిగిలింది. 2023 జనవరిలో రెండు పురపాలక సంఘాలూ ఆ ముసాయిదాలను రద్దు చేయాలని తీర్మానించాయి. గడువు ఇవ్వడం, పటం అర్థమయ్యేలా చెప్పడం ఒకటి కావు.

కామాఠిపురాలో చేయవలసింది కష్టమైన పని కాదు. ప్రతి గల్లీ మొదట్లో, నేటి భవనాలనూ రాబోయే భవనాలనూ ఒకే కొలతలో చూపించే పటం పెట్టి, దాని పక్కన మరాఠీ, హిందీ, ఉర్దూలతోపాటు తెలుగులో వివరణ రాసి, చెప్పినవారి అభ్యంతరం అక్కడికక్కడే నమోదు చేసి, దేన్ని అంగీకరించారో, దేన్ని ఎందుకు కాదన్నారో అదే గోడ మీద అదే భాషల్లో అంటించాలి. గెజెట్లోనూ పత్రికల్లోనూ ప్రకటించాలని చెప్పే చట్టం, మెట్ల కింద విద్యుత్ మీటర్ల పక్కన తెలుగు కాగితం అంటించవద్దని ఎక్కడా చెప్పలేదు. నిర్మాణ సంస్థతో ఒప్పందం ఎంత దూరం వచ్చినా, గల్లీల అమరిక, నేల అంతస్తు గాలాలు, బడులు, గుడులు, మసీదుల స్థానాలు ఖరారయ్యేలోపు ఆ కాగితం అక్కడికి చేరాలి.