కణాలపై ఫలితం – రైతుకు సలహా

విటమిన్ ‘ఎ’ నుండి శరీరంలో ఏర్పడే రెటినోయిక్ ఆమ్లం కణకేంద్రకంలోని గ్రాహకాలతో కలిసి, ఏ మాంసకృత్తి ఎంత తయారుకావాలో ప్రభావితం చేస్తుంది. ప్రయోగశాలలో కొన్ని రకాల జీర్ణాశయ క్యాన్సర్ కణాల పెరుగుదలను ఇది మందగింపజేసింది. అంతమాత్రాన మునగాకు, క్యారెట్ క్యాన్సర్‌ను నివారిస్తాయని రైతు సదస్సులలో చెప్పడం తగదు. కణాలపై ప్రయోగించిన ఆమ్లం వేరు, ఆకుకూరలోని బీటా కెరోటిన్ వేరు. పైగా, మోతాదు పెరిగితే మేలు పెరుగుతుందన్న నియమమేమీ లేదు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగత్రాగే పురుషులపై జరిపిన పరీక్షలో, రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్రలు వాడినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం అధికంగా ఉన్నట్లు 1994లో వెల్లడైంది. ఆకుకూరలను పోషణకు, రేచీకటి నివారణకు సిఫారసు చేద్దాం. క్యాన్సర్ మందుగా కాదు. మన మాట నమ్మి రోగి చికిత్సను వాయిదా వేసుకుంటే, ఆ నష్టానికి విస్తరణ శాస్త్రవేత్త కూడా బాధ్యుడే.