డచ్చిని తెలుగులోనే చెప్పండి

అండమాన్‌లోని ప్రోతరాపూర్‌లో మా రేకులింటి మీద వాన మోగిపోతుంటే, మా అక్క కూతురు ఫోను ముందేసుకుని, గొంతులో చేపముల్లు దిగినట్టు ‘ఖ్, ఖ్’ అంటోంది. డచ్చి పాఠం. పెళ్లయ్యాక నెదర్లాండ్స్ వెళ్లాలి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబులు వచ్చింది గానీ, అంతకుముందు ఇక్కడ వీడియో క్లాసంటే నవ్వేవాళ్లు.

పాఠమంతా ఇంగ్లీషులోనే. నా గొడవ అక్కడే. ‘ఎందుకంటే వాన గట్టిగా పడుతోంది’ అనడానికి పిల్ల ఇంగ్లీషు వరసలో ‘ఓమ్‌దాత్ హెత్ రేఖెంత్ హార్త్’ అని రాసింది. తప్పన్నారు. ‘ఓమ్‌దాత్ హెత్ హార్త్ రేఖెంత్’ అనాలట. హార్త్ అంటే గట్టిగా, రేఖెంత్ అంటే వాన పడుతోంది. చూశారా, క్రియ చివర! ‘ఓమ్‌దాత్’ ముందు తగిలితే చాలు, క్రియ మన క్రియలాగే వెనక్కి పోయి కూర్చుంటుంది. మామూలు వాక్యంలో మాత్రం రెండో చోటు వదలదు, అదొక్కటీ కొత్తగా పట్టుకోవాలి.

ఇంగ్లీషుకి ‘యూ’ ఒక్కటే దిక్కు. డచ్చికి నువ్వూ ఉంది, మీరూ ఉంది. నువ్వంటే ‘యెయ్’. మూతి సున్నాలా చుట్టి ‘ఈ’ అంటే వచ్చేది మీరు. ఇరవై ఒకటిని ‘ఒకటీ ఇరవై’ అంటారు. బజారులో పొద్దస్తమానం హిందీ ‘ఇక్కీస్’ వినే మా పిల్లలకి అదేం వింత? అయితే నామవాచకం ముందు వచ్చే ‘దె’, ‘హెత్’ల దగ్గర మనకొచ్చిన ఏ భాషా ఆదుకోదు. ఆవును పలుపుతో సహా తోలుకొచ్చినట్టు, మాటను దాని ‘దె’తోనో ‘హెత్’తోనో కలిపి బట్టీ పట్టాల్సిందే. తోక తగిలించి చిన్నది చేసిన మాటలకి మాత్రం ఎప్పుడూ ‘హెత్’. ఇక చుట్టరికాల్లో వాళ్లు మరీ పిసినారులు: మేనల్లుడైనా మేనబావైనా ‘నేఫ్’ ఒక్కటే!

వలందులు, అంటే డచ్చివాళ్లు, మనకి కొత్తవాళ్లా? 1606లోనే గోల్కొండ సుల్తాను అనుమతితో బందరులో వ్యాపారం పెట్టారు. అక్కడ వలందపాలెం ఇంకా ఉంది. మా తాతలది భీమిలి పక్క. అక్కడ వాళ్ల సమాధులున్నాయి. ఇంత పాత పరిచయం ఉన్న భాషకి మన విశ్వవిద్యాలయాలు తెలుగులో నలభై పేజీల వాచకం వేయించలేవా?

నిన్న కరెంటు పోయి క్లాసు ఆగింది. పిల్ల టీచరుకి ‘ఇక్ కోమ్ నీత్, ఓమ్‌దాత్ హెత్ హార్త్ రేఖెంత్’ అని పంపింది. నేను రావట్లేదు, ఎందుకంటే వాన గట్టిగా పడుతోంది అని. ఈసారి ఎర్రగీత పడలేదు.