ఓటు ఒకచోట, బతుకు మరొకచోట

2025 డిసెంబరులో తెలంగాణ పంచాయతీ ఎన్నికలు మూడు విడతలుగా జరిగాయి. పట్నం వలస వెళ్లినవారు ఎందరో బస్సులెక్కి స్వగ్రామాలకు వచ్చి, ఓటువేసి వెనుదిరిగారు. పుట్టిన వూరిపై మమకారం మెచ్చదగినదే. అయితే వారి బతుకు నడిచేది ఎక్కడ?

మీర్‌పేట్ సంగతే తీసుకుందాం. ఒకనాటి ఈ గ్రామ పంచాయతీ 2019లో నగర పాలక సంస్థ అయింది. 2025 డిసెంబరులో హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసింది. పల్లెల నుంచి వచ్చి అద్దెకుంటున్న కుటుంబాలు ఇక్కడ కోకొల్లలు. 2020 అక్టోబరు వానలకు మిథిలానగర్ జలమయమైనప్పుడు వరద నీరు సొంతింటివారినీ, అద్దెవారినీ వేరుచేసి చూడలేదు. కాని కాలువ గురించి నిలదీసే వేళ, ఓటర్ల జాబితాలో పేరు లేనివాని మాటకు విలువేది?

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం సాధారణంగా నివసించే చోటనే ఓటు. వూళ్లో ఇల్లు వున్నంత మాత్రాన అక్కడ ఓటు వుండదు. రెండుచోట్ల పేరు వుండరాదు. సొంత ఇల్లు వుండాలన్న నిబంధన ఎక్కడా లేదు. తాత్కాలికంగా పనికి వెళ్లినవాడు మాత్రం వూరి ఓటు కోల్పోడు. నివాసం మారినవారు 8వ నమూనా, కొత్త ఓటర్లు 6వ నమూనా దరఖాస్తు ఇవ్వవలసి వుంటుంది.

వూళ్లో వుండనివారి ఓట్లతో గెలిచిన సర్పంచ్, వుండేవారికి జవాబుదారీ ఎలా అవుతాడు? పట్నంలో స్థిరపడిన కొడుకులకు, కూతుళ్లకు ఈ మాట ఇంటి పెద్దలే చెప్పాలి. రాకపోకలు వూరితో, ఓటు వున్నచోట – ఇదే వుభయులకూ మేలు.