చల్లగ్లాసు అడుగున

మా ఆత్మకూర్ (ఎస్)లో మా పెద్దమ్మ చేసే చల్లకు పెద్ద పేరు. అల్లం, కరివేపాకు, రవ్వంత ఉప్పు. పోయిన ఎండాకాలం అక్కడున్న గ్లాసు అందుకోబోతే, "అది నీకు కాదు బిడ్డా, మీ అన్నకు!" అని గుంజుకుంది. అడుగున తెల్లటి పొడి.

"ఏం జెయ్యాలె? గోలి ఇస్తే మింగడు. సల్లల కలిపి తాగిస్తున్న, తెల్వకుంట."

"పాపం, తల్లి ప్రాణం!" అని ఆనాడు ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. మీరు నన్ను తిట్టుకున్నా సరే, అది తప్పు.

ఎందుకంటారా? మా అన్న జబ్బే అనుమానం. తన తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారంటాడు. ఆ అనుమానాన్ని నిజం చేసింది మనమే కదా! ఒకనాడు అతనే గ్లాసు అడుగు చూశాడు. ఆనాటి నుంచి తల్లి వండిన మెతుకు ముట్టలేదు. మాత్రా పోయింది, బువ్వా పోయింది. అంతకుముందు మగతగా ఉంటే ఎందుకో తెలియక ట్రాక్టరెక్కేవాడు. తెలిస్తే ఎక్కేవాడా?

"మరి మీదికొస్తేనో?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. బలవంతం ఎన్నడూ వద్దని నేననను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో దానికీ దారుంది. ప్రాణం మీదికొస్తే డాక్టరు ఇంటి దగ్గరైనా 72 గంటల దాకా అత్యవసర చికిత్స చేయొచ్చు. ఒప్పుకోలేని స్థితిలో ఉన్న మనిషిని ఆస్పత్రిలో చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి. మొదట 30 రోజులే గడువు. కాదంటే బోర్డుకు మొరపెట్టుకోవచ్చు. మరి మన వంటింటి బలవంతానికి గడువేది, సాక్షి ఏది?

ఇంగ్లండులో ఇంటికి పంపిన రోగి చెప్పినట్టు వినకపోతే మళ్లీ ఆస్పత్రికి రప్పించే ఉత్తర్వును 2008లో తెచ్చారు. 330 మందికి పైగా రోగులను పరిశీలించి 2013లో లెక్క తేల్చారు. ఆ ఉత్తర్వు మీద పంపినా, అది లేకుండా పంపినా, ఏడాదిలో మళ్లీ ఆస్పత్రిలో చేరింది నూటికి 36 మందే! సర్కారు ఉత్తర్వుకే చేతకానిది చల్లగ్లాసుకు చేతనవుతుందా?

మనిషి నిమ్మళంగా ఉన్న రోజున ఎదుట కూర్చుని అడగాలి: "మళ్లీ జబ్బొస్తే నేనేం జెయ్యాలె కొడుకా? నీ తరఫున ఎవరు మాట్లాడాలె?" ఆ మాట ముందే రాసిపెట్టుకునే హక్కు, తన మనిషిని తానే ఎంచుకునే హక్కు ఆ చట్టమే ఇచ్చింది. మాత్ర పడకపోతే మార్చమనొచ్చు. నెలకోసారి వేయించుకునే ఇంజెక్షన్లూ ఉన్నాయి. ఎవరినడగాలో తోచకపోతే 14416కు ఫోను చేయండి, పైసా ఖర్చు లేదు.

మీ ఇంట్లోనూ అలాంటి గ్లాసుందా? ఉన్నపళాన ఆపమనను, అదీ ప్రమాదమే. ముందు డాక్టరుకు నిజం చెప్పండి. తర్వాత తాగేవాడికి చెప్పండి.

పెద్దమ్మ చెప్పింది. "తప్పయింది బిడ్డా" అంది. అన్న పలకలేదు. మొన్న మాత్రం పళ్లెం ఆమె ముందుకు తోసి, "ముందు నువ్వు తిను" అన్నాడట.

పెద్దమ్మ తిన్నది. తర్వాత అతను రెండు ముద్దలు తిన్నాడు.